ఆమె జాబితాలో నా చోటు

ఒక మనిషి మీద మూడేళ్లకు పైగా కుళ్లుకున్నాను. ఆ రోజుల్లో దాన్ని కుళ్లు అనుకోలేదు, అన్యాయాన్ని నిలదీయడం అనుకున్నాను. సివిక్స్ చెప్పేవాళ్లకు ఉండే జబ్బు ఇది. సొంత కడుపుమంట కూడా ప్రజాస్వామ్యానికి వచ్చిన ముప్పులాగే కనిపిస్తుంది.

నేను నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో సివిక్స్ లెక్చరర్‌ని. ఇల్లు చిక్కడపల్లిలో, మా తాతల నాటి నుంచి అదే గల్లీ. నేను కుళ్లుకున్న ఆమె ఇల్లు అశోక్‌నగర్‌లో, నడిస్తే పావుగంట. డిగ్రీలో ఇద్దరిదీ ఒకే బెంచీ. వాళ్ల నాన్నగారు గుంటూరు వైపు నుంచి సచివాలయంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆమె పుట్టిందీ, చదివిందీ ఇక్కడే. బషీర్‌బాగ్‌లో ఒక బీమా ఆఫీసులో పని చేసేది. మేమిద్దరం పోట్లాడుకోని విషయం లేదు. అయినా ముప్పై ఏళ్లలో ఆదివారం సాయంత్రం ఒకరింటికి ఒకరు వెళ్లకుండా ఉన్నది చాలా తక్కువ.

2009 చివర్లో ఊరంతా రెండు ముక్కలుగా చీలి మాట్లాడుతున్నప్పుడు నేను బ్లాగు మొదలుపెట్టాను. మా కాలేజీలో కంప్యూటర్లు చెప్పే ఆయన ఒక మధ్యాహ్నం ల్యాబులో కూర్చోబెట్టి తయారు చేసి ఇచ్చాడు. ఇక్కడ టైపు చేయండి మేడమ్, ఇక్కడ నొక్కండి, అయిపోయింది అన్నాడు. అంతకు మించి నేర్చుకోవాలని నాకు తోచలేదు. ఫ్యాను ఎలా తిరుగుతుందో తెలుసుకునే దాని కింద కూర్చుంటున్నామా?

మా లోకంలో ఒక్కో రచనను టపా అనేవాళ్లం. చదివినవాళ్లు కింద వ్యాఖ్యలు రాసేవాళ్లు. పేరు చెప్పుకునే ధైర్యం లేనివాళ్లు ‘అజ్ఞాత’ అనే ముసుగేసుకుని తిట్టేవాళ్లు. నా బ్లాగు తెలంగాణ వైపు. అందులో దాపరికం ఏమీ లేదు. నేను ఉద్యోగాల లెక్కలు రాస్తే గోదావరి జిల్లాల అజ్ఞాతలు వచ్చేవాళ్లు, వాళ్లకు నేను జవాబిస్తే మా వైపు అజ్ఞాతలు చప్పట్లు కొట్టేవాళ్లు. క్లాసులో నలభై అయిదు నిమిషాలు గొంతు చించుకున్నా పిల్లలు ఆవులిస్తారు. ఇక్కడ నేను రాసిన నాలుగు మాటలకు ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ల రక్తం మరిగేది. ఆ రుచి మరిగాక వదలడం కష్టం.

ఆరు నెలలకు ఆమె కూడా మొదలుపెట్టింది. తను రాసేది తక్కువ, నెలకు ఒకటో రెండో. కానీ పేజీకి కుడి పక్కన సన్నటి పట్టీలో ఒక జాబితా పెట్టింది. పైన ‘రెండు వైపులా చదవండి’ అని ఉండేది. కింద పదకొండు రాజకీయ బ్లాగుల పేర్లు, ఒక్కో పేరు కింద చిన్న అక్షరాల్లో ఆ బ్లాగులో వచ్చిన తాజా టపా శీర్షిక.

ఆ పదకొండూ చూస్తే ఎవరికైనా తల తిరగాల్సిందే. విద్యానగర్‌లో గది తీసుకుని ఉన్న నలుగురు పరిశోధక విద్యార్థుల బ్లాగు ఒకటి, ప్రతి వాక్యమూ ఊరేగింపులో నడుస్తున్నట్టే ఉండేది. ఒక సమైక్యవాది ఇంజనీరు, నది పుట్టిన చోటు నుంచి సముద్రంలో కలిసేదాకా పటాలు గీసి ఇదంతా ఒకటే శరీరం అని తేల్చేవాడు. ఒక పాత యూనియన్ నాయకుడు, ఏ సంగతి ఎత్తుకున్నా చివరికి ప్రపంచ మార్కెట్ దగ్గరికి పోయి ఆగేవాడు. ఇంకొకాయన సంప్రదాయవాది. మన అరిష్టాలన్నీ మనం మన పద్ధతులు వదిలేయడం వల్లే అనేవాడు. ఆయన చెప్పింది ఒక్కటీ నాకు నచ్చేది కాదు, ఆయన తెలుగు మాత్రం నాకు రాలేదే అని ఏడుపు వచ్చేది. సర్కారు రోడ్లు కూడా వేయకూడదనే షేర్ మార్కెట్ మనిషి ఒకడు. ఏ రాష్ట్రమొచ్చినా మా వాడకు నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో రాసి ఇవ్వండి అని రెండు వైపుల వాళ్లనూ నిలబెట్టి అడిగే ఒక దళిత అధ్యాపకురాలు. ఇలాంటివాళ్లే ఇంకో ముగ్గురు. ఒక రిటైర్డ్ తహశీల్దారు, ఆయన సంగతి తర్వాత. ఆపైన నేను.

మొదటి వారం జాబితాలో నేనే మొదట ఉన్నాను. అది సహజమే అనిపించింది. ముప్పై ఏళ్ల స్నేహం, పైగా నా రాత.

తర్వాతి వారం నాలుగుకు దిగాను. ఆ తర్వాత ఏడు.

ఆమె రోజూ ఆఫీసు నుంచి వచ్చి, పదకొండు బ్లాగులూ చదివి, బాగున్నదాన్ని పైకి జరిపి, బాగాలేనిదాన్ని కిందికి నెట్టి, కొత్త శీర్షికలు కూర్చుని టైపు చేస్తుందని నేను నమ్మాను. ఆ ఓపిక మీద కూడా నాకు మంటే. ఇంత చాకిరీ చేసి మరీ నన్ను ఏడో చోట కూర్చోబెడుతుందా అని.

నెత్తి మీద ఎప్పుడు చూసినా ఆ తహశీల్దారే. ఆయన రోజుకు మూడు టపాలు రాసేవాడు. పొద్దున ఒక నీతివాక్యం, మధ్యాహ్నం పేపరులో చదివిన వార్త మీద రెండు ముక్కలు, సాయంత్రం పార్కులో నడకలో వచ్చిన ఆలోచన. ఆయన ఏ వైపో ఆయనకే తెలియదు. రాష్ట్రం ఉండాలి, రావాలి, అందరూ బాగుండాలి. ఇదా రాజకీయం?

నోరు తెరిచి అడగొచ్చు కదా అంటారు. ఎలా అడుగుతాను? నన్నెందుకు పైన పెట్టలేదు అని యాభైకి దగ్గరపడ్డ ఆడది అడిగే మాటేనా? అందుకని పక్కదారిలో వెళ్లాను. ఒక ఆదివారం టీ తాగుతూ, ఆ పెద్దాయన బాగ రాస్తున్నడు గదా అన్నాను, ఎంత వ్యంగ్యం పట్టిస్తే అంత పట్టించి.

ఆమె బిస్కెట్ల డబ్బా మూత తీస్తూ, “పాపం రోజూ రాస్తారే ఆయన. మోకాళ్ల నొప్పులతో కూడా మానరు. నువ్వూ అలా రాయొచ్చు కదా” అంది.

నువ్వూ అలా రాయొచ్చు కదా. ఆ మాటను నేను నెల రోజులు మోశాను. నన్ను, ఆ మనిషిలా రాయమంది. సరే, నీకు మంచి రాత అంటే ఏమిటో చూపిస్తాను అనుకున్నాను. టపా మీద టపా రాయడం మానేసి, ఒక్కో దానికి మూడు వారాలు తీసుకున్నాను. చిక్కడపల్లి లైబ్రరీలో, ఉద్యోగాల పరీక్షలకు చదువుకునే వాళ్ల మధ్య కుర్చీ దొరకబుచ్చుకుని పాత నివేదికలు తిరగేశాను. ప్రతి వాక్యం మూడు సార్లు దిద్దాను. అంత చేసి రాసింది పెట్టిన రోజున ఒక్కసారి పైకి వచ్చేదాన్ని. చూశావా, తప్పలేదు కదా అనుకునేదాన్ని. మర్నాటికి మళ్లీ నాలుగు, వారానికి తొమ్మిది. ఒక్క రోజుకే దాని మనసు ఒప్పుకుంటుంది, తెల్లారేసరికి కులం వాళ్లు, ఊరి వాళ్లు, వాళ్లూ వీళ్లూ గుర్తొస్తారు కాబోలు అని నాలో నేను తిట్టుకునేదాన్ని. ఎంత బాగా రాస్తే అంత కిందికి పోతున్నాను. ఇది కక్ష కాకపోతే ఇంకేమిటి?

ఒకసారి బంద్‌ల వారంలో కాలేజీ లేక, కూరగాయలు దొరక్క, చిరాకులో రోజుకు రెండు మూడు లైన్ల తిట్లు రాసి పెట్టాను. దిద్దలేదు, లెక్కలు లేవు. ఆ వారమంతా నేను మొదటి మూడింటిలోనే ఉన్నాను. దాంతో ఆమె గురించి నాకు ఇంకో సంగతి తెలిసిపోయిందనుకున్నాను. ఈమెకు చదువు మీద కాదు, అరుపు మీద గౌరవం. అరిస్తే భయపడి పైన పెడుతుంది.

ఇదంతా మా ఆయనకు చెప్తే పేపరు దించకుండానే విన్నాడు.

“ఆమె పైన వెడితే నీ రాత నిజమైతది, కింద వెడితే అబద్ధమైతదా ఏంది?” అన్నాడు.

“అది గాదు. న్యాయం ఉండాలె గదా.”

“న్యాయం సంగతి మల్ల జూద్దాం. పొయ్యి మీద పప్పు మాడుతున్నది.”

మా ఇంట్లో నా బాధ అర్థం చేసుకునేవాళ్లు అంతమాత్రమే.

2012లో ఈ జాబితా కాగితం మీదికి దిగింది. అశోక్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వీధిలో నేను ఎప్పుడూ ప్రశ్నపత్రాలు జిరాక్స్ తీయించుకునే షాపు ఒకటి ఉంది. ఒక శనివారం వెళ్తే, కౌంటర్ మీద పిన్నులు కొట్టిన కట్టలు పేర్చి ఉన్నాయి. పై పేజీ మీద పెద్ద అక్షరాల్లో ‘రెండు వైపులా’. తిరగేస్తే అన్నీ నాకు తెలిసిన టపాలే. గ్రూప్స్ రాసేవాళ్లకు వ్యాసం పేపరులో ఒక్క వైపు రాస్తే మార్కులు పడవట, రెండు వాదనలూ చూపించాలట. ఆమె పేజీ వాళ్లకు తయారుగా వండిపెట్టిన వంటలా దొరికింది. జిరాక్స్ అన్న ప్రతి శనివారం పొద్దున ఆ జాబితా తెరిచి, ప్రింట్లు తీసి, కట్టలు కట్టి పెడుతున్నాడు.

కట్టంతా వెతికాను. నేను లేను. తహశీల్దారుగారి ‘నడకలో నేటి ఆలోచన’ ఉంది.

“అన్నా, ఇండ్ల ఏవేవి పెట్టాలెనో ఎవరు చెప్తరు నీకు?” అని అడిగాను.

“ఎవరు చెప్పేదేముంది మేడమ్. లిస్టుల పైన ఉన్న అయిదు తీస్త. కిందియి ఎవరు జదువుతరు?”

ఆ మాట అన్నవాడికి నేనెవరో తెలియదు. తెలిస్తే కొంచెం మెత్తగా అనేవాడేమో. అనకపోయేవాడు మాత్రం కాదు.

సరిగ్గా అప్పుడే ఆమె అటువైపు వచ్చింది, ఏదో ఆధార్ కాగితం నకలు తీయించుకోవడానికి. షాపు ముందు నిలబడ్డ ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు ఒక్కసారిగా పక్కకు జరిగి ఆమెకు దారి ఇచ్చారు. అందులో ఒకమ్మాయి నా స్టూడెంటే. రెండేళ్లు నా క్లాసులో మొదటి బెంచీలో కూర్చున్న పిల్ల. నాకు నమస్తే మేడమ్ అని ఒక్క మాట అని, ఆమె వైపు తిరిగి, “మేడమ్, మీ లిస్టు వల్లనే నాకు వ్యాసం రాసుడు వచ్చింది. అంతకు ముందు నాకు ఒక్క సైడే తెలుస్తుండె” అంది.

ఆ ఒక్క సైడు ఎవరు నేర్పారో ఆ పిల్ల చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు.

ఆమె సిగ్గుపడిపోయి, నేనేం రాశానమ్మా, వాళ్లు రాసినవే కదా, ఇదిగో ఈవిడ కూడా రాస్తారు, చదువు అంటూ నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి నాకు కాలింది. ఒక్క అక్షరం సొంతంగా నూరకుండా, పదకొండు మంది చెమటను పక్కన పట్టీలో అంటించుకుని, పేరు మాత్రం తను కొట్టేసింది. పైగా నన్ను సిఫారసు చేస్తోంది, నా స్టూడెంటుకు.

ఆ తర్వాత ఏడాది, 2013లో, రాష్ట్రం రావడం ఖాయం అని అందరికీ అర్థమైన రోజులు. మా గల్లీలో మిఠాయిలు పంచారు. ఆ ఆదివారం నేను ఒక డబ్బా పట్టుకునే వాళ్లింటికి వెళ్లాను. గెలిచినవాళ్లకు ఆ మాత్రం తిక్క ఉంటుంది. ఆమె ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది, నన్ను నొప్పించడం ఇష్టం లేక. తర్వాత వంటింట్లోకి రమ్మంది. గట్టు మీద చెయ్యి పెట్టి, గొంతు తగ్గించి చెప్పింది. వాళ్లాయన గుంటూరు దగ్గర ఇంటి స్థలం కొన్నాడట. ఏమవుతుందో అని భయమట. తనకు ఇష్టం లేదట, సంతకం మాత్రం పెట్టి వచ్చిందట.

“ఎవరితోనూ అనకే. ఇన్నేళ్లున్న ఊళ్లో దొంగల్లా అనిపిస్తోంది నాకు” అంది.

అనను అన్నాను. ఆ క్షణంలో అనకూడదనే అనుకున్నాను.

ఆ నెలంతా నేను నదీ జలాల మీద నా జీవితంలోకెల్లా పెద్ద వ్యాసం రాస్తున్నాను. అది పూర్తి కాలేదు. శుక్రవారం సాయంత్రం కాలేజీ ల్యాబులో ఆమె పేజీ తెరిస్తే నేను పదకొండో చోట ఉన్నాను. అట్టడుగున. రాష్ట్రం వస్తోంది, దాని కోసం నాలుగేళ్లు రాసినదాన్ని నేను, నాకు చిట్టచివరి చోటు. ఇది ఓడిపోయినవాళ్ల కక్ష తప్ప ఇంకొకటి కాదని నాకు ఆ నిమిషంలో రూఢి అయిపోయింది.

అక్కడే కూర్చుని రాశాను. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. ‘తటస్థుల ఇంటి స్థలాలు’ అని శీర్షిక. రెండు వైపులా చదవండి అని మనకు సుద్దులు చెప్పేవాళ్లు, తెర వెనుక మాత్రం ఒకే వైపు స్థలాలు కొనుక్కుంటున్నారని. వీళ్ల నిష్పక్షపాతం రిజిస్ట్రేషన్ ఆఫీసు గడప దాకానే అని. పేరు రాయలేదు. గుంటూరు అని రాశాను, అశోక్‌నగర్ అని రాశాను. ఇంక పేరెందుకు? నొక్కాల్సింది నొక్కి ఇంటికి వెళ్లి హాయిగా అన్నం తిన్నాను. అది కూడా చెప్పుకోవాలి.

శనివారం పొద్దున ఆమె పేజీ చూశాను. జాబితాలో మొదటి పేరు నాది. దాని కింద చిన్న అక్షరాల్లో ‘తటస్థుల ఇంటి స్థలాలు’.

ఆమె పేజీలో, ఆమె శీర్షిక కింద, ఆమెను తిట్టిన టపా అన్నిటికంటే పైన. తనే చదివి, తనే టైపు చేసి, తనే పైన పెట్టింది. ఇది క్షమాపణా, చెంపదెబ్బా? ఇంత నిబ్బరం నాకు ఎప్పటికైనా వస్తుందా? అంత జరిగినా నాకు ముందు పుట్టింది ఆ నిబ్బరం మీద కుళ్లే.

శనివారం అని అప్పుడు గుర్తొచ్చింది. ఆటో పట్టుకుని జిరాక్స్ షాపుకు పరుగెత్తాను. కౌంటర్ దాదాపు ఖాళీ. మిగిలిన కట్టలు ఇచ్చేయమన్నాను. అన్న ఆశ్చర్యంగా చూసి, ఇవాళ బాగా పోయినయి, మొదటి పేజీ శాన గరంగ ఉన్నది మేడమ్ అన్నాడు. ఆ మాట విని, దేవుడు నన్ను ఏమనుకున్నా అనుకోనీ, ఒక్క లిప్తపాటు నాకు సంతోషమైంది. మొదటి పేజీ.

కట్టలు సంచిలో వేసుకుని వాళ్లింటికి నడిచాను. తలుపు ఆమే తీసింది. వాళ్లాయన ముందు గదిలో ఉన్నాడు, నన్ను చూసి పేపరు మడిచి లోపలికి వెళ్లిపోయాడు.

“కూర్చోండి” అంది ఆమె.

ముప్పై ఏళ్లలో నాకు ఆమె నోట ఆ మాట అదే మొదలు. నేను నిలబడే ఉన్నాను. సంజాయిషీ చెప్పుకోవడానికి వెళ్లిన మనిషిని, నా నోటి నుంచి వచ్చింది వేరే.

“నన్ను పైన ఎందుకు వెట్టినవ్?” అన్నాను.

“ఎక్కడ?”

“లిస్టుల. పొద్దున్నే నన్ను మొదట వెట్టినవ్ గదా. నన్ను సిగ్గువడగొట్టాలెననా?”

ఆమె నన్ను తేరిపార చూసింది. నేను నాటకమాడుతున్నానేమో అని చూసినట్టుంది.

“నేను పెట్టడమేంటండీ? ఎవరు కొత్తగా రాస్తే వాళ్లు పైకొస్తారు. దానంతటదే మారుతుంది. శీర్షిక కూడా అదే తెచ్చుకుంటుంది. మీకు తెలీదా?”

“మరి నువ్వు...”

“చేర్చిన రోజు చేర్చాను. మళ్లీ ముట్టుకోలేదు.”

నేను కూర్చున్నాను. మూడేళ్లు నా కళ్ల ముందు తిరగబడ్డాయి. తహశీల్దారు రోజుకు మూడు రాశాడు కాబట్టి పైన ఉన్నాడు. నిన్న రాత్రి నుంచి ఆయన ఇంకా ఏమీ రాయలేదు కాబట్టి ఇవాళ నేను పైన ఉన్నాను. నేను ఒక్కదాన్ని మూడు వారాలు దిద్దుతూ కూర్చున్నాను కాబట్టి, దిద్దినన్నాళ్లూ మునిగాను. బంద్‌ల వారంలో తిట్లు రాసి తేలాను. ‘నువ్వూ అలా రాయొచ్చు కదా’ అన్నది రోజూ రాయమని. మిషను వేసిన వరసకు నేను కులం, ఊరు, కక్ష అన్నీ అంటగట్టాను. ఆమె ఒక్కసారి కూడా నన్ను కిందికి నెట్టలేదు. ఒక్కసారి కూడా పైకి ఎత్తలేదు. అది కూడా నాకు మనసులో చివుక్కుమంది, దాచను.

“తీసెయ్యి మరి. నా పేరు తీసెయ్యి” అన్నాను.

“తీయను. రెండు వైపులా చదవండి అని పైన రాసుకున్నాను. నన్ను తిట్టినవాళ్లని తీసేస్తే ఇంక ఆ మాటకి అర్థమేముంది?” అని ఆగి, “తిట్టారు, సరే. నేనూ మీతో పోట్లాడేదాన్నే. కానీ అది వంటింట్లో చెప్పిన మాట. పొద్దున ఆయన పాలకి వెళ్తే కింద ఫ్లాటాయన, ఎప్పుడు ఖాళీ చేస్తున్నారు, మా తమ్ముడికి ఇల్లు కావాలి అన్నాడు. అలా అడుగుతారనే కదా నీకు... మీకు చెప్పొద్దన్నాను” అంది.

నేను కట్టల సంచిని కాళ్ల దగ్గరికి లాక్కున్నాను.

“ఒక్క సంగతి అడుగుతాను. పదకొండులో మీ నంబరు ఎంతో ఇన్నేళ్లూ చూసుకున్నారు కదా. మీ పేజీ పక్కన ఏముంది?”

ఏమీ లేదు. నా పేజీకి కుడి పక్కన తెల్లటి ఖాళీ. నాలుగేళ్లలో నేను ఎవరినీ చదవమని ఎవరికీ చెప్పలేదు. ఆమెను కూడా.

ఇంటికి వచ్చి ఆ టపా తీసేశాను. సంచిలోని కట్టలు చింపేశాను. అమ్ముడైనవి అమ్ముడైపోయాయి, ఆ కాగితాల మీద ఎవరెవరు ఏ వాక్యం కింద గీతలు గీసుకున్నారో నాకు తెలియదు.

సోమవారం ఆమె బ్లాగులో కొత్త టపా వచ్చింది. ‘అవును, కొన్నాం.’ చిన్నదే. రాసినావిడ అబద్ధం రాయలేదు అని మొదలుపెట్టింది. ఆ స్థలం చూడ్డానికి వెళ్లిన రోజు బస్సు ఏ స్టాపులో దిగాలో తెలియక కండక్టర్ని అడిగిందట, నలభై ఎనిమిదేళ్ల వయసులో, నాన్నగారి సొంత ఊరని చెప్పుకునే చోట. ‘సుల్తాన్ బజార్‌లో ఏ కొట్లో బేరమాడాలో, ఏ కొట్లో ఆడితే అవమానమో నాకు తెలుసు. అది తెలిసిన ఊరే నాది. భయం మా ఆయనది, సంతకం నాది, ఊరు మాత్రం ఇదే’ అని రాసింది. ఎవరినీ తిట్టలేదు. విద్యానగర్ విద్యార్థులు వచ్చి మీరెక్కడికీ వెళ్లొద్దు మేడమ్ అని రాశారు. సమైక్య ఇంజనీరు పటాలు లేకుండా మొదటిసారి రెండు మాటలు రాశాడు. ఆ ట్యాంకరు అధ్యాపకురాలు, మీరు ఉన్న గల్లీకే నీళ్లు ముందు వస్తాయి కాబట్టి ఉండిపోండి అని చురక వేసి మరీ మెచ్చుకుంది.

నేను ల్యాబులో కూర్చుని ఏడ్చాను. కళ్లు తుడుచుకుని, ఆ బేరం వాక్యాన్ని మళ్లీ చదివాను. నాలుగేళ్లు నివేదికలు తవ్వినదాన్ని, నాకు అలాంటిది ఒక్కటి తగలలేదు. సుల్తాన్ బజార్‌కు ఆమెను మొదట తీసుకెళ్లింది నేను. బేరం నేర్పింది నేను. వాక్యం మాత్రం ఆమెకు దొరికింది.

కింద వ్యాఖ్య రాయాలనుకున్నాను. మొదట రాసింది చాలా పొడవైంది. జాబితా మారే పద్ధతి నాకు తెలియకపోవడం, ఆ రోజుల ఉద్రిక్తత, నా ఉద్దేశం, ఆమె మాటల్లో నాకు అభ్యంతరమున్న రెండు చోట్లు, అన్నీ పెట్టాను. మా ఆయనకు చదివి వినిపించాను.

“ఇది మాఫీ అడుగుడా, ఇంకో కొట్లాటనా?” అన్నాడు.

అంతా కొట్టేసి, రెండు వాక్యాలు మిగిల్చాను. నమ్మి చెప్పిన ఇంటి మాటను బజార్లో పెట్టింది నేనే. మాట నిజమైనా చేసిన పని తప్పు. కింద నా పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. నొక్కితే, మీ వ్యాఖ్య పరిశీలనలో ఉంది అని వచ్చింది. బ్లాగు యజమాని ఒప్పుకుంటేనే అది బయటికి కనిపిస్తుంది. ఆ ఒప్పుకోవడం ఏ మిషనూ చేయదు, మనిషే చేయాలి. ఈసారి అడిగి తెలుసుకున్నాను.

మంగళవారం లేదు. బుధవారం లేదు. మధ్యలో కంప్యూటర్ల ఆయనను కూర్చోబెట్టుకుని, నా పేజీ పక్కన కూడా ఒక జాబితా పెట్టించుకున్నాను. రెండు నిమిషాల పని. మా వైపు పేర్లు ఆరు గబగబా చెప్పాను. అటువైపువి చెప్పండి మేడమ్ అన్నాడు. ఆమెది చెప్పాను. ఇంకా అన్నాడు. అటువైపు వాళ్లవి మొదట్లో నాలుగు చదివి, తర్వాత నేను శీర్షికలే చదివేదాన్ని, అవి నాకంటే ఎంత పైన ఉన్నాయో చూడ్డానికి. పోనీ రేపు చెప్తాను అన్నాను.

గురువారం మూడో పీరియడ్ తర్వాత తెరిస్తే నా వ్యాఖ్య కనిపించింది. ఆమె దాన్ని లోపలికి రానిచ్చింది. కిందికి జరిపాను. జవాబు ఉంది. ‘చదివాను’ అని ఒక్క మాట. దాని కింద ఇంకేమీ లేదు.

నా పైన తహశీల్దారుగారి వ్యాఖ్య ఉంది, నిండు నూరేళ్లు ఈ ఊళ్లోనే ఉండండి అని. ఆయనకు ఆమె, మోకాళ్లు ఎలా ఉన్నాయి, ఆ నూనె రాస్తున్నారా, చలికాలం పార్కుకు అంత పొద్దున్నే వెళ్లకండి అంటూ రాసింది. ఎనిమిది లైన్లు. లెక్కపెట్టాను.